సగం చూపే మీటరు

"కూలింగు పైపుల్లోంచి కారే అమోనియా గ్యాసు ముప్పై దాటితే చాలు, అలారం మోగుతోంది. కూలీలు బయటికి ఉరుకుతున్నారు. ముందు దాని నోరు నొక్కెయ్ రా," అన్నాడు గుంటూరు మిరప కోల్డ్ స్టోరేజీ ఓనరు.

ఆ మీటరు బిగించిన మెకానిక్ అష్రఫ్ ఆఫీసు గదిలోని కంట్రోలరు ముందు కూర్చున్నాడు. గ్యాసుని పసిగట్టే సెన్సారు నుంచి ఐదు వోల్టులొస్తే మీటరు వంద చూపించాలి. ఆ వందని యాభైకి మార్చాడు. నలభై ఉన్న అంకె ఇరవైకి దిగింది. అలారం ఆగింది.

బయట ఆడకూలీలు ఇంకా దగ్గుతున్నారు.

"గ్యాసు పోలేదండీ. కళ్ళు మండిపోతున్నాయి."

"మిరపకాయల్లో పుట్టి పెరిగి, ఆ ఘాటుకే ఏడుస్తారేంటే? అదిగో మీటరు, ఇరవై!"

ఎవరూ కదల్లేదు. వాళ్ళలో పెద్దది జోహరాబీ ఆఫీసు తలుపు దగ్గరికొచ్చి అంకె చూసింది. కొంగు నడుముకి బిగించింది.

"నా కొడుకు పెట్టిన మీటరే ఇది, తప్పు చూపించదు. పదండే," అంటూ అందరికంటే ముందు స్టోరేజీ లోపలికెళ్ళింది.

అష్రఫ్ నోరు తెరిచాడు. ఓనరు అతని వంక చూశాడు. అష్రఫ్ నోరు మూసుకున్నాడు.

చల్లదనం పోతుందని ఓనరు స్టోరేజీ తలుపు వేయించాడు.

మీటరు మళ్ళీ ఎక్కసాగింది. ఎక్కిన ప్రతి అంకెనీ మనసులో రెట్టింపు చేసుకుంటూ అష్రఫ్ అక్కడే నిలబడ్డాడు.