పైడమ్మ అరుపు

పిల్లలు తప్పు చెబితే తల్లి వీపున దెబ్బ పడాలి, అప్పుడే చదువు వంటబడుతుందని యూనివర్సిటీ తేల్చాక, ఇంటింటా తల్లుల చేతికి ఆ దెబ్బ వేసే నల్లపట్టీలు వచ్చాయి. ఫార్మసీ చదివే కూతురు హారిక తప్పు చెప్పినప్పుడల్లా పైడమ్మ వంటింట్లో దెబ్బకు ముందుకు తూలేది, పళ్లు బిగబట్టి మళ్లీ గరిటె అందుకునేది.

ఆఖరి నోటి పరీక్ష ముందురోజు లెక్చరరమ్మ ఫోన్ చేసింది.

"మీరు నోరు మూసుకుని ఓర్చుకుంటే ఎలాగండీ? మీరు అరిస్తేనే పట్టీ లైను కలుస్తుంది, తప్పని పిల్లకి తెలుస్తుంది. రేపు ఒక్కో జవాబుని ఒక్కసారే దిద్దుకోనిస్తాం. దిద్దుకోకపోతే సీటు పోతుంది."

"పురుడప్పుడే అరవనేదు మేడమ్. సర్లెండి, అరుత్తాను."

మర్నాడు పొయ్యి ఆర్పేసి, పీట మీద కూర్చుంది. మొదటి దెబ్బకు నుదురు గోడకు కొట్టుకుని రక్తం కారింది. అరిచింది. హారిక జవాబు దిద్దుకుంది. ఆ తర్వాత పావుగంట దాకా దెబ్బే లేదు.

ఇంకో తల్లి అయితే సంతోషించేది. పైడమ్మ పట్టీని తట్టి చూసుకుంది. పట్టీ చెడిపోయిందేమో, పిల్ల తప్పు చెప్పేసి, తెలియక అలాగే కూర్చుందేమో. ఎందుకైనా మంచిదని గొంతు చించుకుని అరిచింది.

లైను కలిసింది. కూతురి గొంతు వినిపించింది.

"అయ్యో, మాయమ్మకి మళ్లీ దెబ్బ తగిలింది. మేడమ్, ఆ జవాబు కాదు, మార్చుకుంటాను. ఇరవై కాదు, రెండొందల మిల్లీగ్రాములు."

"మార్చకే" అనబోయింది పైడమ్మ. ఆ మాట నోట్లో ఉండగానే వీపున నిజం దెబ్బ పడింది.