పిడికెడు తవుడు

నూర్పిళ్ళు అయిపోగానే పోశవ్వ చాట పట్టుకొని సీతారాంరావు వాకిట్లో నిలబడేది.

ఆ ఇంటి కొట్టంలో పేడ ఎత్తే మనిషే. ఏడాదంతా వెనక దారినే వచ్చిపోయేది. ఆ ఒక్క రోజు మాత్రం ముందు వాకిలి ఆమెది.

ఆ ఇంటి ఇల్లాలు రాధాబాయి చాటలో తవుడు పోసేది. పక్కన కూతురు నర్మద నిలబడాలి. పోశవ్వ పిల్లను తేరిపార చూసి, పిడికెడు తవుడు కొంగున ముడేసుకొని, మిగతాది ఆ ఇంటి బర్రెలకే పోసి వెళ్ళేది.

సుల్తానాబాద్ చుట్టుపక్కల ఇది వింతేమీ కాదు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, వేరే ఆడదానితో ఎత్తించి, ఆమె దగ్గర చాటెడు తవుడిచ్చి కొనుక్కుంటారు. దానితో చావు మోసపోతుందని నమ్మకం. ఊళ్ళో పెంటయ్యలూ పెంటమ్మలూ అందరూ అట్లా అమ్ముడుపోయినవాళ్ళే. బడిలో నర్మద అయినా ఇంట్లో ఈమె కూడా పెంటమ్మే. ఎత్తిన ఆడది ఏటా ఆ తవుడు ముడేసుకుంటేనే పిల్లకు ఆయుష్షు.

అంతా ఉత్తుత్తి బేరమేనని నర్మద నవ్వుకునేది, పదిహేనేళ్ళు వచ్చేదాకా.

కుండ మూతికి మూకుడుంది, లోకం మూతికి లేదు. ఆ ఏడు తవుడు పోసే రోజు పొద్దున బావి దగ్గర నీళ్ళ తగాదాలో పక్కింటామె అననే అంది.

"ఏం నీల్గుతున్నవే! అందర్ని ఉత్తగ కొన్నరు, నిన్ను నిజంగనే కొన్నరు. నువ్వు ఎవల పిల్లవో ఎవలకెర్క!"

నర్మద బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది.

"నిజమేనా అవ్వా?"

పోశవ్వకు అప్పుడే తవుడు పోసి వచ్చిన రాధాబాయి గంప కింద పెట్టింది. అబద్ధం ఆడలేదు.

"నిజమే బిడ్డా. నా కడుపున పుట్టినోళ్ళు ఒక్కలు దక్కలే. పోలీసు యాక్షన్ అయిన ఏడు పోశవ్వ నిన్ను చాటల పెట్టుకొని తెచ్చింది. తవుడిచ్చి తీసుకున్న."

"ఎవల బిడ్డనని అడగలేదా?"

"అడిగితె, ఎవలన్న వచ్చి మళ్ళ తీస్కపోతరని భయం. అడగలే." రాధాబాయి కళ్ళు తుడుచుకుంది. "నువ్వు అడుగు. నేను అడ్డం రాను."

పోశవ్వ అప్పటికే వాకిట్లో నిండు చాటతో నిలబడి ఉంది.

"పోశవ్వా, నన్ను కన్నది ఎవలు?"

పోశవ్వ చాటను నడుముకు ఆనించుకుంది.

"గా ముచ్చట గిప్పుడెందుకు బిడ్డా?"

"చెప్పు! చెప్పకుంటె బాయిల దుంకుత."

పోశవ్వ ఆ పిల్ల కళ్ళల్లోకి చూసింది.

"నేనే," అంది. "నేనే కన్న."

నర్మద ఒక అడుగు వెనక్కి వేసింది. పేడ మరకల చీరను, పగిలిన కాళ్ళను కొత్తగా చూసింది.

"కని అమ్ముకున్నవా? గీ చాటెడు తవుడుకు?"

"ఇంట్ల గంజి లేకుండె బిడ్డా."

"ఛీ!"

నర్మద చేత్తో కొట్టిన దెబ్బకు చాట ఎగిరిపడింది. తవుడంతా మట్టిపాలైంది.

"మళ్ళ మా వాకిట్ల కనవడకు!"

పోశవ్వ వంగి, మట్టిలోంచి పిడికెడు తవుడు ఎత్తి, కొంగున గట్టిగా ముడేసుకొని వెళ్ళిపోయింది.

ఇన్ని తిట్లు తిన్నా తవుడు మీద ఆశ చావలేదు ముసలిదానికి, అనుకుంది నర్మద.

ఆ తర్వాత కొట్టంలోకి వేరే మనిషి వచ్చింది. తోవలో నర్మద ఎదురైతే పోశవ్వే పక్కకు తప్పుకునేది. పని పోయినామె ఏం తిని బతుకుతోందో ఎవరూ అడగలేదు. నర్మద అసలే అడగలేదు.

వానాకాలంలో గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలతో మొదటి ఊపులోనే పోశవ్వ పోయింది.

కబురు వినగానే నర్మద ముందున్న కంచం పక్కకు నెట్టి లేచింది. అమ్ముకున్నా తల్లి తల్లే కదా. బాపు సీతారాంరావు కేకలేస్తున్నా వినకుండా పోశవ్వ వాడకు నడిచింది.

ఆడవాళ్ళు శవానికి స్నానం పోస్తున్నారు. ఒకామె కొంగు ముడి విప్పింది. పురుగు పట్టిన తవుడు, మట్టితో సహా రాలింది.

"పానం పోయేదాక గీ ముడి ఇప్పనియ్యలే. పిల్ల ఆయుష్షు అన్నది," అందామె.

నర్మద అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పోశవ్వ మరిది కొడుకు నిప్పుకుండ అందుకోబోతే లేచి అడ్డం నిలబడింది.

"నేను పడత. ఆమె బిడ్డను నేను."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముసలి మంత్రసాని మల్లక్క వచ్చి నర్మదను చేయి పట్టి పక్కకు తీసుకుపోయింది.

"గట్లని ఎవలు చెప్పిండ్రు బిడ్డా?"

"ఆమెనే చెప్పింది."

మల్లక్క నెత్తిన చేయి పెట్టుకుంది.

"గందుకేనా! గా దినం నా దగ్గర కూసోని ఏడ్చింది. ‘పెంట మీద చీమలు పట్టి దొరికినవని పసిదాని మొఖం మీద ఎట్ల చెప్పుదు మల్లక్కా? తిట్టుకుంటె నన్నే తిట్టుకోని’ అన్నది. నాకు అప్పుడు సమజ్ కాలే."

"అంటే?"

"గీ వాడల కాన్పులన్ని నా చేతుల మీదనే అయినయి బిడ్డా. పోశవ్వ కడుపు ఎన్నడు పండలే."