అత్తగారి రివర్సు గేరు

“దూకండి అల్లుడుగారూ! చక్రం కింద రాయి పెట్టండి!”

అత్తగారి జీపు నిటారు రోడ్డు ఎక్కుతూ ఎక్కుతూ ఉసూరుమని ఆగి, వెనక్కి జారుతోంది. పక్కనే లోయ. అందులోకి ఓ అబద్ధాన్ని విసిరితే, అడుగు చేరేలోపు ముసలిదై నిజమైపోయేటంత లోతు.

అల్లుడు దూకి రాయి పెట్టాడు. పైన, రోడ్డు ఆగి కాలిబాట మొదలయ్యే చోట, అతని భార్య కాలు విరిగి పడుంది. శిఖరం నుంచి అక్కడిదాకా తోటివాళ్లు మోసుకొచ్చారు. ఇక బండి రావాలి. వానకు కొండ విరిగిపడుతోందని ఏ డ్రైవరూ కదల్లేదు, ఆ దారిలో జీపు తోలి కూతుర్ని పెంచిన అత్తగారు తప్ప.

“ఫస్టు గేరు లాగడం లేదత్తయ్యా. ఇప్పుడెలా?”

“ముందు గేర్లన్నీ నాలాగే అరిగిపోయాయి బాబూ. రివర్సు మాత్రం కొత్త కోడలంత హుషారుగా ఉంది.”

అల్లుడు రాయి తీసి ఎక్కగానే ఆవిడ కాస్త జారనిచ్చి, మలుపు వెడల్పులో జీపును అటుదిటు తిప్పేశారు. ఇప్పుడు దాని మొహం కిందికి, వీపు కొండకి. మెడ బయటపెట్టి వెనక్కి చూస్తూ ఎక్కించసాగారు. గుంటలో పడితే జీపును ఓదార్చారు. బండ అడ్డొస్తే బండను తిట్టారు. ఒకచోట చక్రం సగం గాల్లో తిరిగింది. ఆవిడ మాత్రం ముక్కు మీద దోమను తోలుకున్నారు.

సీటును కరుచుకున్న అల్లుడు సిగ్గుపడ్డాడు. ఈవిడ కూతురికా తాను కొండలెక్కడం నేర్పుతానన్నది!

“అత్తయ్యా, పై మలుపులో గార్డున్నాడు. ఎంత బతిమాలినా, ఎవర్నైనా సరే వచ్చిన దారినే తోలేస్తున్నాడట.”

“అక్కడిదాకా పోనివ్వండి ముందు.”

మంచు కమ్మేసింది. కళ్లముందు చెయ్యి కనబడదు. జీపు వెనక్కి గుడిసెను దాటేశాక, గార్డు ఈల ఊదుతూ లోపల్నుంచి ఉరికాడు. అతనికి కనబడుతున్నవి జీపు ముందు లైట్లు రెండే. అల్లుడు దండం పెట్టబోయాడు.

“కళ్లు నెత్తికెక్కాయా? కిందికి దారి మూసేశాం! మర్యాదగా పైకి పొండి!”

“అలాగే నాయనా,” అన్నారు అత్తగారు, ఎంతో వినయంగా.

పైన కూతురు అంత నొప్పిలోనూ నవ్వింది. “అమ్మా, వీపు చూపించుకుంటూ వచ్చావేమే!”

“నోర్మూసుకుని పడుకో,” అంటూ తల్లి కళ్లు తుడుచుకుని, కాలికింద దుప్పటి సర్దింది.

అల్లుడు కిందికి, గార్డు మలుపు వైపు చూశాడు. “వచ్చాం సరే అత్తయ్యా. కిందికి పోనివ్వడుగా?”

అత్తగారు జీపు మొహాన్ని శిఖరం వైపు తిప్పి నిలబెట్టి, మళ్లీ రివర్సు వేశారు.

“పైకెక్కే వాళ్లని అతను ఎటు తోలతాడు బాబూ?”