ప్రమాణానికి సర్దిన సంచి

"ఏవండీ, స్వెటర్ పెట్టనా, శాలువా పెట్టనా?" సంచి సర్దుతూ మూడోసారి అడిగింది భార్య.

"ఏదో ఒకటి పడెయ్యవే. ప్రమాణం చేసి నోటరీ ముద్ర తెచ్చుకోడానికి వెళ్తున్నాం, మంచుకొండ ఎక్కడానికి కాదు. రేపీపాటికి ఇంట్లో ఉంటాం."

"ఏమో, ఎన్నాళ్లు పడుతుందో ఎవరికి తెలుసు?"

అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న బ్రోకరు తనలో తను నవ్వుకున్నాడు. ఎవరు గడప దాటినా ఇక రారేమోనని ఆవిడకు బెంగ. ఒక్క రాత్రి ప్రయాణానికి నెల రోజుల సామాను కడుతుంది.

ఇళ్లు కొనిపెట్టడం, అమ్మిపెట్టడం ఆయన వృత్తి. ఈమధ్య ఆయన కన్ను వదినగారి ఇంటి మీద పడింది. భార్యకు సొంత అక్క, ఒంటరిది, ఆరు నెలలుగా మంచాన ఉంది. ఇల్లు అమ్మే అధికారం మరిదికి ఇస్తున్నట్టు ఒక కాగితం, దాని మీద నోటరీ ముద్ర ఉంటే చాలు. కానీ ఊళ్లో నోటరీలు "సంతకం పెట్టిన మనిషిని చూపించు" అంటూ ప్రాణం తోడేస్తారు. అదే నోటరీ మన వంటింట్లోనే ఉంటే?

అందుకే ఏడాదిగా భార్యను నోటరీని చేసే పనిలో పడ్డాడు. దరఖాస్తు తనే నింపాడు. ఆవిడ నడత మంచిదని ఇద్దరు పెద్దమనుషుల చేత ఉత్తరాలు రాయించాడు. ఆవిడ కూరలు తరుగుతుంటే నియమాల పుస్తకం పట్టుకుని పక్కనే కూర్చుని ప్రశ్నలడిగాడు. ఎనభై ఆరు మార్కులతో పాసయింది! ఆ మాట వీధంతా తిరిగి చెప్పుకున్నాడు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి, ఏ కాగితం ముందు పెట్టినా కళ్లు మూసుకుని ముద్ర గుద్దేస్తుంది.

పట్నంలో నోటరీల ఆఫీసులో ఆవిడ ప్రమాణం ఐదు నిమిషాల్లో అయిపోయింది. కొత్త ముద్ర ఆవిడ చేతికి రాగానే బ్రోకరు జేబులోంచి వదిన సంతకమున్న కాగితం తీశాడు.

"బోణీ మనదే. కొట్టు."

"అయ్యో, సొంతవాళ్ల కాగితానికి నేను వెయ్యకూడదండీ. పుస్తకంలో రెండో పేజీ. మీరేగా బట్టీ పట్టించారు!" అంటూ పక్క బల్ల దగ్గరున్న ముసలి నోటరీని చూపించింది. "ఈవిడ వేస్తారు."

బ్రోకరు పళ్లు నూరుకున్నాడు. ఇప్పుడు వెనక్కి తగ్గితే అనుమానం వస్తుంది.

ముసలావిడ కళ్లజోడు సవరించుకుంది. "సంతకం పెట్టినావిడ రాలేదా?"

"మంచం మీదుందండీ. నా కళ్లెదుటే పెట్టింది."

"అయితే సాక్షిగా ఆ మాట ప్రమాణం చేసి చెప్పండి. అబద్ధమైతే జైలు, తెలుసుగా?"

"తెలియకేం? మా ఆవిడా నోటరీయేనండీ!"

చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. రిజిస్టరులో సంతకం పెట్టి, వేలిముద్ర కూడా వేశాడు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. చక్రాల కుర్చీలో వదిన, ఆమె వెనక ఇన్‌స్పెక్టరు.

"ఏం మరిదీ, ఆ సంతకం నేనెప్పుడు పెట్టానయ్యా?"

భార్య మడత పెట్టిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచింది. ఒకవైపు తను పరీక్షకు రాసుకున్న జవాబులు. రెండోవైపు ఆయన చేత్తో దిద్దిన అక్క సంతకం, వరసగా నలభైసార్లు.

"చిత్తు కాగితం అనుకున్నారు," అంది. "నేనేదీ పారెయ్యనని మీకు తెలుసు కదండీ."

ఇన్‌స్పెక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, పొద్దున సర్దిన సంచి తెచ్చి భర్త చేతికిచ్చింది. ఆయన అయోమయంగా జిప్పు తీశాడు.

ఆవిడ బట్ట ఒక్కటీ లేదు అందులో. అన్నీ ఆయన చొక్కాలే, ఆయన స్వెటరే, నెలకు సరిపడా ఆయన బీపీ మాత్రలే. ఆ పొద్దున గడప దాటిన బ్రోకరు మళ్లీ ఆ ఇంటికి తిరిగి రాలేదు.