ఉప్పురవ్వను మోసిన బంతి

చెట్టు తొర్రలో ఉన్న తేనెపట్టుకి కరువొచ్చింది. ఉప్పు అందక అందులోని పిల్లలు తలలు వాల్చేశాయి. సంగతి తెలిసి ఉప్పురవ్వ ఒకటి పరుగున వచ్చింది.

వాకిట్లో కాపలా తేనెటీగ దాన్ని మీసాలతో తడిమి చూసింది. "నువ్వు నీళ్ళ చుట్టానివి. ఇది మైనపు ఇల్లు. జిడ్డు వీపు ఉన్నవాళ్ళకే లోపలికి దారి."

"పిల్లల ప్రాణాలు పోతున్నాయమ్మా!"

"పోనీ. ఆచారం ఆచారమే."

పక్కనున్న కొమ్ముపురుగుకి ఒళ్ళు మండింది. "తప్పుకోండి! గోడకి కన్నం పెట్టేస్తాను."

"వద్దన్నా! తేనంతా కారిపోతే పట్టే మిగలదు" అని ఉప్పురవ్వ ఏడ్చింది.

ఆ ఏడుపు విని చీమలొచ్చాయి. వాటి కాళ్ళు తడివి, వీపులు జిడ్డువి. ఇలా నిలబడండని చెప్పినవాళ్ళు లేరు. ఒకదాని పక్కన ఒకటి చేరి, తడి కాళ్ళతో ఉప్పురవ్వను పట్టుకుని, వీపులు బయటికి పెట్టి గుండ్రటి బంతి అయిపోయాయి. బంతి దొర్లుకుంటూ వాకిలి చేరింది.

కాపలా ఈగ చుట్టూ తడిమింది. ఎక్కడ ముట్టుకున్నా జిడ్డు వీపే. "మనవాళ్ళే, పోండి పోండి!"

లోపల నీటిబొట్టు తగలగానే బంతి దానంతటదే విడిపోయింది. ఉప్పురవ్వ ఆ నీటిలో హాయిగా కరిగి గదిగదికీ పాకింది. ఒక పిల్ల తలెత్తింది. పక్కది తలెత్తింది. కాసేపటికి పట్టంతా ఝుమ్మని మోగింది.

ఆ మోతకి కాపలా ఈగ రొమ్ము విరుచుకుంది. "చూశారా! ఆచారం తప్పలేదు కాబట్టే పిల్లలు బతికాయి."

పిల్లలు పకపకా నవ్వి, ఉప్పునీళ్ళ చుక్క ఒకటి దానికీ పంపించాయి.

"అబ్బ, ఎంత బావుందో!" అని అది లొట్టలేసింది.