లాంతరా? గొడుగా?

రేపు పొద్దున పదింటికి పోలింగు. ఎవరికి ఓటెయ్యాలో దేవానందానికి ఇంకా తేలలేదు.

నాచారంలో ఫ్యాన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. అక్కడి కార్మిక సంఘం అధ్యక్ష పదవికి ఇద్దరే నిలబడ్డారు. ఒకరి గుర్తు లాంతరు, ఇంకొకరిది గొడుగు. ఎనభై మూడులో జరిగిన ఎన్నికల్లో పేరు వెంట ఊరు, ఊరు వెంట కులం, కులం వెంట గుడీ చర్చీ అన్నీ లోపలికొచ్చి, క్యాంటీన్లో గ్లాసులు గాల్లోకి లేచాయి. దాంతో పెద్దలు ఒక నియమం పెట్టారు. లెక్కింపు అయ్యేదాకా అభ్యర్థుల పేర్లు ఎవరి నోటా రాకూడదు. అభ్యర్థులు కూడా తమను గుర్తుతోనే చెప్పుకోవాలి. నోరు జారినవాడు సెక్షనంతటికీ చాయ్ పోయించాలి. అంత చాయ్ పోయించే తాహతు నాకూ లేదు కనుక ఎవరిది ఏ గుర్తో ఈ కథలోనూ లెక్కింపు అయ్యేదాకా చెప్పను.

లాంతరు గేటు దగ్గర నిలబడి మాట్లాడితే షిఫ్టు దిగినవాళ్లు బస్సు వదిలేసుకుని వినేవాళ్లు. "నలభై మంది క్యాజువల్స్‌ను ఒక్కపారే పర్మనెంట్ చెయ్యాలె. లేకుంటె సోమవారం సంది సమ్మె!" అంటే చప్పట్లు ఉప్పల్ దాకా వినిపించేవి.

గొడుగుకు మాట్లాడటం రాదు. కాగితం చూసి చదువుతుంది, అదీ తడబడుతూ. ఇరవై మందిని ఇప్పుడు, మిగతా ఇరవై మందిని ఏడాదిలోగా పర్మనెంట్ చేస్తామని యాజమాన్యం రాసిస్తానంటోంది, సంతకం పెట్టించుకుందాం, సమ్మె వద్దు అంటుంది. ఆ మాటకు చప్పట్లు ఎవరు కొడతారు?

దేవానందం లాంతరు వర్గమని గేటు కాడి కుక్కకు కూడా తెలుసు. రెండు వారాలు తిరిగీ తిరిగీ గొంతు పోయింది. మూడు రోజుల క్రితం, ఎదుటివాళ్ల తప్పులు పట్టుకుందామని గొడుగు కరపత్రం తీసి చదివాడు. తప్పు దొరకలేదు. మళ్లీ చదివాడు. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు.

లంచ్‌లో మొగిలయ్య డబ్బా పట్టుకుని పక్కన చేరాడు. వైండింగ్ సెక్షన్లో ఆరేళ్లుగా క్యాజువల్. భార్య సారలమ్మకు ఇది ఎనిమిదో నెల.

"లాంతరు మాట్లాడుతుంటె పానం లేసొస్తదన్నా. మా నలభై ఓట్లు గటే."

"సమ్మె జేస్తె ఫస్టు తీసేసేది మిమ్ములనే గదరా. ఏం జేస్తవ్?"

మొగిలయ్య నోటి దాకా వచ్చిన ముద్ద ఆపాడు. "నువ్వే గిట్లంటె మేం ఎవలికి జెప్పుకోవాలె అన్నా?"

దేవానందం నవ్వి తప్పించుకున్నాడు. మధ్యాహ్నమంతా లేత్ మిషను ముందు నిలబడ్డాడు గానీ మూడు షాఫ్టులు పాడు చేశాడు.

సాయంత్రం చిల్కానగర్‌లోని ఇంటికి పోకుండా సైకిల్‌ను ఉప్పల్ చౌరస్తాకు తిప్పాడు. అక్కడ వెంకటయ్య బండి మీద జామకాయలు అమ్ముతాడు. ఒకప్పుడు నాచారంలోనే ఒక పంపుల ఫ్యాక్టరీలో టర్నర్. సమ్మె నాడు మూసిన గేటు నాలుగేళ్లయినా తెరుచుకోలేదు.

"మా లీడర్ గూడ మస్తు మాట్లాడెటోడు" అన్నాడు వెంకటయ్య, కాయ కోసి ఉప్పూకారం అద్దుతూ. "మేం చప్పట్లు గొట్టినం. గంతే."

"ఇప్పుడేడున్నడు?"

"గీడనే, రామంతపూర్ల. నా బండి కనవడితె సందులకెంచి మళ్లిపోతడు. నాకైతె కోపం లేదు. ఆయనకే ముఖం చెల్లుత లేదు."

దేవానందం కాయ కొరకలేకపోయాడు. భయమేసింది. నిజంగానే భయమేసింది.

ఇంట్లో భార్య రూతు కంచం ముందు పెట్టి కూర్చుంది. అతను అన్నం కెలుకుతూ ఉన్నాడు.

"గంత గుబులైతె పక్కకు జరుగరాదా?" అంది.

"ఇయ్యాల్నా? లాంతరు మీద ఆశ పెట్టుకున్నోళ్లు ఊకుంటరా? తంతరు."

"ఓటేసేకాడ నీ పక్కన ఎవలుంటరు?"

"ఎవలుండరు."

"దేవుడుంటడు. ఆయన సూస్తుండంగ ఏది ఎయ్యబుద్ధయితే గది ఎయ్యి." కంచం తీసుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు క్యాంటీన్లో పోలింగు. రిటైర్డ్ హెడ్మాస్టరు అచ్యుతరావు ఎన్నికల అధికారి. పోయినసారి గ్లాసులు లేచినచోటే దుప్పటి అడ్డం కట్టి, వెనక బల్ల వేశారు. దేవానందం లోపలికెళ్లాడు. ముద్ర లాంతరు మీద ఆగింది. మూసిన గేటు గుర్తొచ్చింది. జామకాయల బండి గుర్తొచ్చింది. సారలమ్మ గుర్తొచ్చింది. కళ్లు మూసుకోలేదు. చూస్తూనే గొడుగు మీద గుద్దాడు.

బయటికి రాగానే మొగిలయ్య కన్నుకొట్టాడు. దేవానందం తల దించుకుని కుళాయి దగ్గరికి పోయి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు.

రెండొందల డెబ్బై ఒక్క ఓట్లు. సాయంత్రం లెక్క తేలింది. గొడుగు నూట ముప్ఫై ఆరు, లాంతరు నూట ముప్ఫై ఐదు.

"ఒక్క ఓటన్నా! మనోడే ఎవడో దెబ్బ గొట్టిండు!" మొగిలయ్య అతని భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. దేవానందం వాడి వీపు నిమిరాడు.

లెక్కింపు అయిపోయింది, ఇక పేర్లు పలకొచ్చు గనుక అచ్యుతరావు మైకు అందుకుని, సంఘం ఆనవాయితీ ప్రకారం గెలిచిన విశ్వనాథం మెడలో ఓడిపోయిన దేవానందం వచ్చి దండ వెయ్యాలని పిలిచాడు.