మొదట మొక్కిన మనిషి

“దొర మనుషులు నన్ను గడీలో దాసీగా పెట్టడానికి లాక్కుపోతుంటే, పోచమ్మ పూనినట్టు శిగమూగాను. అదే నా మొదటి వేషం. మా అమ్మ నిజమని నమ్మి నా కాళ్ల మీద పడింది. వాళ్లు భయపడి వెనుదిరిగారు.”

నటి రత్నమాల తాను రాసుకుంటున్న జీవితకథను తల్లి బుచ్చమ్మకు అంతవరకు చదివి వినిపించి, తన నల్లని ముఖానికి తెల్లరంగు పూసుకోసాగింది. ఆలేరులో ఆ సాయంత్రం నాటకం. నల్లని సీతను జనం ఒప్పుకోరు.

“గంత ఎర్రిదాన్ని చేసి రాసినవేంది బిడ్డా? నేను నమ్మిన్నని ఎవలు చెప్పిండ్రు?”

“మొక్కినవు గదనే.”

“నిజంగ శిగమొస్తె మనుషులను గుర్తుపట్టరు. నువ్వు ఊగుకుంట నా దిక్కే చూస్తివి. ఎవలన్న ముందుగాల మొక్కితెనే గద, మిగిలినోళ్లు మొక్కేది. అందుకే పడ్డ.”

రత్నమాల చేయి ఆగింది. కన్నతల్లిని సైతం నమ్మించగలిగానన్న గర్వంతోనే ఆమె ఇన్నేళ్లూ రంగస్థలం మీద నిలబడింది. కలం తీసుకొని, తల్లి నమ్మిందన్న మాటను మెల్లగా కొట్టేసింది.

తరువాత, ఎన్నడూ అడగనిది అడిగింది.

“మరి చెల్లెను గడీకి తోలుకపోయిన నాడు? దానికి ఊగరాలేదా?”

“నిన్ను చూసి నేర్చుకున్నది. అది గూడ మంచిగనే ఊగిందట.” బుచ్చమ్మ కూతురి మెడ మీదికి కారిన రంగును కొంగుతో తుడిచింది. “ఆ పొద్దు నేను దొర చేన్ల వెట్టికి పోయిన. ముందుగాల మొక్కెటోళ్లు లేకపాయె.”